నెల్లూరు తీరాన ఆగిన కార్వాన్

కావలి వద్ద 16వ నంబరు జాతీయ రహదారిని విడిచి తూర్పుకు తిరిగితే రోడ్డు సన్నబడుతుంది, ఆకాశం విశాలమవుతుంది. మొదట వరిచేలు, ఆ తరువాత సరుగుడు తోపులు, వాటిని దాటితే కనుచూపు మేర రొయ్యల గుంటలు. ఇస్కపల్లి వైపు వెళ్లేకొద్దీ ఉప్పుమళ్లు తెల్లగా మెరుస్తుంటాయి. వీటి మధ్యగా, సముద్రానికి సమాంతరంగా బకింగ్‌హామ్ కాలువ సాగుతుంది. 1806లో మద్రాసు దగ్గర చిన్న కాలువగా మొదలైన ఈ జలమార్గం క్రమంగా ఉత్తర దక్షిణాలకు విస్తరించింది. 1876-78 నాటి ఘోర కరువులో వేలాది కూలీలు తవ్విన భాగాలతో అతుకులు పూర్తయి, నాటి మద్రాసు గవర్నరు పేరును ధరించింది. బియ్యం, ఉప్పు, వంటచెరకు నింపుకొన్న పడవలు ఒకప్పుడు ఈ నీటిమీదుగా మద్రాసు చేరేవి. రైళ్లు, లారీలు వచ్చాక పడవలు మాయమయ్యాయి గానీ ఈ నేలకు ప్రయాణికులు కొత్త కాదు.

మేము ఈ దారిన వెళ్లింది ఏప్రిల్ మాసంలో, ఒక పాత వ్యానులో. గుంటూరు నుంచి బయలుదేరి నెల్లూరు తీరం చూసుకుంటూ, పులికాటు మీదుగా చెన్నైలోని బంధువుల ఇంటికి చేరి, కొన్నాళ్లుండి తిరిగి రావాలన్నది సంకల్పం. మొత్తం ఇరవై రోజుల ప్రయాణం. వ్యానులో వెనుక సీట్లు తీసివేసి రెండు పడకలు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, బ్యాటరీతో నడిచే చిన్న ఫ్రిజ్ అమర్చాము. దీనిని ఇప్పుడు మోటార్ హోమ్ అంటున్నారు, కారవాన్ అని కూడా అంటున్నారు. ఆ రెండో మాట ఆంగ్లం ద్వారా మనకు తిరిగివచ్చిన మన ఇంటి మాటే. పారసీకంలో కార్వాన్ అంటే కలసికట్టుగా సాగే బాటసారుల బృందం. హైదరాబాదులో గోల్కొండ దారిన వర్తకులు విడిది చేసిన ప్రాంతానికి నేటికీ కార్వాన్ అన్నదే పేరు. ఒంటెలైనా, వ్యానైనా కార్వానుకు ధర్మం ఒకటే: అందరిలోకి బలహీనుల అవసరాన్ని బట్టి అందరి నడక సాగాలి.

మాలో ఆ స్థానం మా అమ్మీది. ఆమెకు డెబ్భై రెండేళ్లు. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటుంది. ఇరవై రోజులకు సరిపడా సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. వ్యానులో ఫ్రిజ్ అమర్చడానికి అసలు కారణం ఆ సీసాలే. పాలు, పండ్లు వాటి పక్కన చోటు దొరికితే సర్దుకునేవి.

ఎర్ర దీపం

అల్లూరు దాటి ఇస్కపల్లి వైపు సాగుతుండగా, మధ్యాహ్నం రెండు గంటల వేళ, స్టీరింగు ముందున్న పలకపై బ్యాటరీ గుర్తు గల ఎర్ర దీపం వెలిగింది. వెంటనే ముందు భాగం నుంచి రబ్బరు కాలిన వాసన, బోనెట్ కింద ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. నడుపుతున్న మా తమ్ముడు వేడిని చూపే ముల్లువైపు ఒకసారి చూసి, వ్యానును రోడ్డు అంచుకు తెచ్చి ఇంజను ఆపివేశాడు. ముల్లు అప్పటికే పైకి కదలడం మొదలుపెట్టింది.

బ్యాటరీ దీపం వెలిగితే ఇంజను ఎందుకు ఆపాలి అన్న సందేహం చాలామందికి కలుగుతుంది. ఆ దీపం వెలగడానికి రెండు కారణాలుంటాయి. మొదటిది, ఆల్టర్నేటర్ విద్యుత్తు పుట్టించడం మానివేయడం. రెండవది, దానిని తిప్పే బెల్టు తెగిపోవడం. పాత డీజిల్ ఇంజన్లలో అనేకం ఒకే బెల్టుతో మూడు పనులు చేసుకుంటాయి. ఇంజను అడుగున తిరిగే పుల్లీ నుంచి బయలుదేరిన బెల్టు ఒకవైపు నీళ్ల పంపునూ దానితోపాటు ఫ్యానునూ, మరొకవైపు ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంది. ఆల్టర్నేటర్ ఒక్కటే చెడితే బ్యాటరీ ఉన్నంతసేపు బండి నడుస్తుంది. బెల్టే తెగితే నీళ్ల పంపు ఆగి, ఇంజనులోని నీరు కదలక, కొద్ది నిమిషాలలోనే విపరీతంగా వేడెక్కుతుంది. సిలిండర్ హెడ్ వంగిపోవచ్చు, గ్యాస్కెట్ కాలిపోవచ్చు. కాబట్టి ఎర్ర దీపంతోపాటు వేడి ముల్లు కూడా పైకి లేస్తుంటే బెల్టు తెగినట్లే భావించాలి. మరో కిలోమీటరు పోదామన్న ఆశ పెట్టుకోకూడదు.

ఆల్టర్నేటర్ అన్నది కొత్త వింత కాదు. అయస్కాంతాన్ని తీగచుట్ట దగ్గర కదిలిస్తే విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే నిరూపించిన సూత్రమే దాని ప్రాణం. పూర్వం మోటారు వాహనాలలో డైనమోలుండేవి. 1960 తరువాత వాటి స్థానాన్ని క్రమంగా ఆల్టర్నేటర్లు ఆక్రమించాయి. మన రైలుపెట్టెలలో దీపాలు, ఫ్యాన్లు నడిచేందుకు కూడా చాలాకాలం ఇదే ఏర్పాటు ఆధారమైంది. పెట్టె ఇరుసు తిరుగుతుంటే బెల్టుల ద్వారా అడుగునున్న ఆల్టర్నేటర్ తిరిగి బ్యాటరీలను నింపుతుంది. కావలికి దగ్గరలోనే ఉన్న బిట్రగుంట, బొగ్గు ఇంజన్ల కాలంలో పేరుపొందిన రైల్వే ఊరు. ఆ ఊరి మీదుగా సాగిన రైళ్లలో రాత్రివేళ నిశ్చింతగా చదువుకున్నవారెందరికో వెలుగునిచ్చింది కాళ్లకింద తిరుగుతున్న ఒక రబ్బరు పట్టీయే.

గుంటగట్టు మీద

బోనెట్ ఎత్తి చూస్తే బెల్టు పీలికలై ఫ్యానుకు చుట్టుకుని ఉంది. వ్యానుకు కొంతదూరం వెనుక త్రికోణపు హెచ్చరిక పలకను నిలబెట్టి, పిల్లలను రోడ్డుకు దూరంగా చెట్టునీడకు పంపించాము. అటుగా వచ్చిన ఒక బండి లాగే వాహనపు యజమాని, వ్యానులో ఉన్న ముసలావిడను, మందుల పెట్టెను చూసి, నెల్లూరు చేర్చడానికి చెప్పిన ధర విని మేము ఒకరి ముఖాలొకరం చూసుకున్నాము. ఎండ ముదిరేకొద్దీ ధర పెరుగుతుందని కూడా ఆయన చెప్పి వెళ్లాడు.

ఆ తరువాత మా దగ్గరకు వచ్చినది ఎదుటి రొయ్యల గుంటపై పనిచేసే ఒక యువకుడు. ముప్పై ఏళ్లుంటాయి. గుంటలపై డీజిల్ ఇంజన్లు, పంపులు, ఏరియేటర్లు చూసుకోవడం ఆయన పని. అంతకుముందు చేపలవేట పడవల ఇంజన్లు బాగుచేసేవాడట. ఈ తీరంలో అలాంటివారు ఊరికొకరైనా ఉండడానికి కారణం ఉంది. టైగర్ రొయ్య కాలంలోనూ, 2009 తరువాత వచ్చిన వనామీ కాలంలోనూ గుంటకు ఊపిరి ఏరియేటరే. అది నీటిని చిలికి గాలిని కలుపుతుంది. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది; ఆ సమయంలో ఏరియేటర్లు కొన్ని గంటలు ఆగితే నెలల కష్టం తెల్లవారేసరికి నీటిపై తేలుతుంది. కరెంటు పోతే డీజిల్ ఇంజను అందుకోవాలి, ఇంజను బెల్టు తెగితే క్షణాల మీద కొత్తది పడాలి. అందువల్ల బెల్టు చప్పుడులోని తేడాను నిద్రలో కూడా గుర్తుపట్టే మనుషులు ఇక్కడ తయారయ్యారు.

ఆయన పీలికలను చేతిలోకి తీసుకుని చూశాడు. అంచులు నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఒకచోట కాలిన గుర్తుంది. తన షెడ్డులో బెల్టులున్నాయి కదా, ఒకటి వేస్తే సరిపోతుందా అని మా తమ్ముడు అడిగాడు.

“బెల్టు తెగిందని బెల్టు వేస్తే ఇదీ తెగిపోద్ది భాయ్. ముందు ఎందుకు తెగిందో చూడాల,” అన్నాడాయన.

ఒక్కొక్క పుల్లీని చేతితో తిప్పాడు. నీళ్ల పంపు పుల్లీ సాఫీగా తిరిగింది. ఆల్టర్నేటర్ పుల్లీ కదలలేదు. లోపలి బేరింగు బిగిసిపోయింది. ఇంజను తిప్పుతుంటే బెల్టు తిరుగుతుంది, బిగిసిన పుల్లీ తిరగదు. ఆ రాపిడికి రబ్బరు కాలి తెగుతుంది. అంటే బెల్టు బాధితురాలు మాత్రమే, అసలు వ్యాధి ఆల్టర్నేటర్‌లో ఉంది. ఆ ఒక్క పరీక్ష చేయకుండా కొత్త బెల్టు వేసి ఉంటే పది కిలోమీటర్లు పోకముందే మళ్లీ రోడ్డుపై నిలిచేవాళ్లం.

ఆయన ఆలోచించి మరో దారి చెప్పాడు. ఆల్టర్నేటర్‌ను వదిలివేసి, ఇంజను పుల్లీకీ నీళ్ల పంపుకూ మాత్రమే సరిపోయే చిన్న బెల్టు వేస్తే ఇంజను చల్లగా ఉంటుంది. విద్యుత్తు పుట్టదు, అయినా పాత తరహా డీజిల్ ఇంజను ఒకసారి నడవడం మొదలుపెడితే నూనెపంపు యాంత్రికంగానే పనిచేస్తుంది కాబట్టి కరెంటుతో పెద్దగా పనిలేదు. నెల్లూరు నలభై కిలోమీటర్ల లోపే. దీపాలు వేయవలసిన అవసరం రాకముందే, అంటే మగ్రిబ్ వేళకు ముందే చేరాలి. మధ్యలో ఇంజను ఆపకూడదు. ఎందుకంటే బ్యాటరీని అన్నింటికన్నా ఎక్కువగా తాగేది స్టార్టరే.

బెల్టు కొలత తీసిన తీరు చూడదగినది. నైలాను తాడును రెండు పుల్లీల చుట్టూ తిప్పి, కలిసినచోట ముడివేసి, దాని పొడవును టేపుతో కొలిచాడు. మిల్లులకు, పంపులకు వాడే బెల్టుల వీపుపై ఒక ఆంగ్ల అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం వెడల్పును తెలుపుతుంది: ‘ఏ’ అంటే పైభాగాన సుమారు 13 మిల్లీమీటర్లు, ‘బి’ అంటే సుమారు 17. అంకె పొడవును అంగుళాలలో తెలుపుతుంది. బెల్టు గాడి అడుగును తాకకూడదు, దాని రెండు ప్రక్కలు గాడి గోడలను పట్టుకోవాలి. అడుగున కూర్చుంటే జారుతుంది, మరీ పైకి ఉంటే ఊడుతుంది. మామూలుగా బెల్టును బిగించేది ఆల్టర్నేటరే. దానిని వెనక్కి లాగి బోల్టు బిగిస్తారు. ఇప్పుడది లేదు కనుక పొడవు ఖచ్చితంగా సరిపోవాలి. షెడ్డులోని మూడు బెల్టులు సరిపోలేదు. నాలుగవదాన్ని ఇంజను పుల్లీని చేతితో తిప్పుతూ అంచుమీదుగా గాడిలోకి ఎక్కించాడు.

అమ్మీ మందు, బండి బ్యాటరీ

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. వ్యానులో రెండు బ్యాటరీలున్నాయి. ఒకటి ఇంజనుది, రెండవది ఫ్రిజ్‌ది. ఇంజను నడుస్తున్నప్పుడు రెండింటినీ నింపేది ఆ ఆల్టర్నేటరే. ఇక ఏదీ నిండదు. ఇంజనుది పాత బ్యాటరీ. దారిలో ఇంజను ఆగిపోతే తిరిగి లేపడానికి రెండవదానిని అడ్డం పెట్టుకోవాలి. అలా కావాలంటే ఇప్పటినుంచే ఫ్రిజ్‌ను ఆపాలి. 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగం వాడుకుంటే, గంటకు 4 ఆంపియర్లు తీసుకునే ఫ్రిజ్ పన్నెండు గంటలు నడుస్తుంది. కానీ ఆ పన్నెండు గంటలు వాడుకుంటే స్టార్టరుకు మిగిలేదేమిటి? నెల్లూరులో ఆ రాత్రే మరమ్మతు అవుతుందన్న నమ్మకమూ లేదు. బయట ఏప్రిల్ ఎండ. మూసి ఉన్న వ్యాను లోపల వేడి బయటికన్నా వేగంగా పెరుగుతుంది.

మేము తర్జనభర్జన పడుతుండగా అమ్మీ తేల్చి చెప్పింది: “బండికి కరెంటు ఉంచండి బేటా. మా అమ్మ కాలంలో ఫ్రిజ్‌లున్నాయా? ఒక కుండ అడిగి తీసుకురండి.”

గుంట కాపలా ఇంటి నుంచి ఒక పెద్ద మట్టికుండ, ఒక చిన్న ముంత వచ్చాయి. ఆ ఇంటి ఇల్లాలు వాటితోపాటు తడి గోనెపట్టా కూడా తెచ్చింది. పెద్ద కుండలో ఇసుక పోసి, మధ్యలో ముంతను నిలిపి, చుట్టూ ఇసుకను తడిపి, ముంతలో పొడిగా ఉన్న స్టీలు డబ్బాలో సీసాలు ఉంచి, మీద తడిగుడ్డ కప్పారు. మట్టి రంధ్రాల గుండా నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. నైజీరియాలో కుమ్మరుల కుటుంబం నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు మొహమ్మద్ బా అబ్బా 1990లలో ఇదే పద్ధతిని పల్లెల్లో కూరగాయల నిల్వకు ప్రచారం చేశాడు. మన ఇళ్లలోని నీళ్లకుండకు అది దగ్గరి బంధువే. సముద్రపు గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి తగ్గి కుండ అంతగా చల్లబడదు. ఆనాడు పడమటి నుంచి వేడిగాలి వీస్తుండడం వల్ల కుండ బాగానే పనిచేసింది.

దగ్గరలోని చేపల ఐసు తెస్తామని ఎవరో అన్నారు. అమ్మీయే వద్దంది. ఇన్సులిన్‌కు వేడి ఎంత శత్రువో గడ్డకట్టడం అంతకన్నా శత్రువు. ఒకసారి గడ్డకట్టిన సీసా కరిగిన తరువాత చూడడానికి మామూలుగానే కనిపించినా వాడకూడదు. తెరవని సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వచేయాలి. వాడకంలో ఉన్న సీసా సాధారణంగా 25-30 డిగ్రీల లోపు నీడలో సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. కాబట్టి కుండ ఆ సీసాలను కొన్ని గంటలపాటు ఎండబారి నుంచి కాపాడితే చాలు. కుటుంబంలో ఇన్సులిన్ వాడేవారుంటే ఈ అంకెలను తమ వైద్యునితో, సీసాతో వచ్చే కాగితంతో సరిచూసుకుని ప్రయాణానికి బయలుదేరాలి.

అప్పటికి అస్ర్ వేళయింది. గుంటగట్టు మీద గోనెపట్టాలు పరచి, ప్రయాణికులం గనుక నాలుగు రకాతులకు బదులు రెండు రకాతులు చదువుకున్నాము. నాలుగున్నరకు ఇంజను లేచింది. ఫ్యాను, స్టీరియో, ఫోన్ ఛార్జరు అన్నీ కట్టివేసి, నలభై వేగం దాటకుండా, కోవూరు మీదుగా సాగాము. మా ఇంటావిడ చేతిలోని చిన్న వోల్టుమీటరు చూసి పదేసి నిమిషాలకొకసారి అంకె చదువుతూ వచ్చింది. నిండిన బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపుతుంది, 12.2కు వస్తే సగం అయినట్లు. పెన్నా వంతెన ఎక్కేసరికి మాకు 12.3 చూపింది. వెనుక పడకపై అమ్మీ కుండను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. సూర్యుడు ఇంకా ఉండగానే నెల్లూరు చేరాము.

బయలుదేరే ముందు ఆ యువకునికి డబ్బు ఇవ్వబోతే బెల్టు ధర మాత్రం తీసుకున్నాడు. కూలీ మాట ఎత్తితే, “రాత్రి మా గుంట మీద ఇంజను ఆగితే రోడ్డుమీద పోయే లారీవాళ్లే దిగి చెయ్యి వేశారు భాయ్,” అన్నాడు. కుండకు ఆ ఇంటివారు వెల కట్టనే లేదు.

తీరం ఇచ్చిన అభయం

ఆ మాట వినగానే నాకు ఇదే తీరంలో, మరికొంత ఉత్తరాన, చీరాల సమీపంలోని మోటుపల్లి గుర్తుకు వచ్చింది. ఒకప్పుడు గొప్ప రేవు అది. కాకతీయ చక్రవర్తి గణపతిదేవుడు 1244లో అక్కడ ఒక శాసనం వేయించాడు. చరిత్రలో దానిని అభయశాసనం అంటారు. తుపానుకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకునంతా పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని, ప్రాణాలకన్నా ధనాన్ని మిన్నగా భావించి సముద్రం దాటివచ్చే వర్తకులకు అభయమిస్తున్నామని ఆ శాసనం ప్రకటించింది. ఆనాటి సముద్ర వ్యాపారంలో అరబ్బు, పారసీక నావికులు ప్రముఖులు. రాజు రాతిమీద చెక్కించవలసి వచ్చిందంటే, ఆపదలో ఉన్నవాడిని దోచుకోవడం ఎంత సులభమో అందరికీ తెలుసునన్నమాట.

ఖుర్ఆన్‌లోని తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో బాటసారి, అనగా ఇబ్నుస్సబీల్ ఒకడు. ఇంటి దగ్గర సంపన్నుడైనా దారిలో చిక్కుకున్నవాడు ఆ వర్గంలోకి వస్తాడని వ్యాఖ్యాతలు వివరించారు. ఇంట్లో ఎన్ని ఉన్నా రోడ్డుమీద ఆగిన వాహనంలోని మనిషి నిస్సహాయుడే. అతని నిస్సహాయతను బట్టి ధర నిర్ణయించేవాడొకడు, పనిని బట్టి ధర నిర్ణయించేవాడొకడు. ఒకే రోడ్డుమీద, ఒకే మధ్యాహ్నం మేము ఇద్దరినీ చూశాము.

ఆటోనగర్‌లో

మరునాడు నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఆల్టర్నేటర్‌ను విప్పి మా ముందు పరిచాడు. ముందువైపు బేరింగులో గ్రీజు ఎండిపోయి, గుండ్లు తుప్పుపట్టి ఉన్నాయి. ఉప్పుగాలి చేసే పని అదే. కార్బన్ బ్రష్‌లు అరిగి గోటి మందాన మిగిలాయి. ఆయన రెండు బేరింగులు, బ్రష్‌లు మార్చి, డయోడ్‌లను ఒక్కొక్కటిగా బల్బుతో పరీక్షించాడు. తీగచుట్ట బాగానే ఉంది కనుక కొత్త ఆల్టర్నేటర్ అవసరం లేదన్నాడు. పాత భాగాలను కాగితంలో చుట్టి మా చేతికిచ్చాడు. పాత సామాను తిరిగి ఇచ్చే మేస్త్రీని నమ్మవచ్చు. ఏ ఊరిలో మరమ్మతు చేయించినా, మార్చిన పాత భాగాన్ని చూపమని అడగడం మన హక్కు.

ఒక హెచ్చరిక కూడా చేశాడు. డైనమోల కాలంలో కొందరు మేస్త్రీలు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగను పీకి, బండి ఆగకపోతే ఛార్జింగు బాగున్నట్లు తేల్చేవారు. ఆల్టర్నేటర్‌పై ఆ పరీక్ష చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్‌లు, రెగ్యులేటరు కాలిపోతాయి. ఎవరైనా అలా చేయబోతే ఆపాలి. సరైన పరీక్ష వోల్టుమీటరే. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కొనల వద్ద సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులుండాలి. 13 కన్నా తక్కువైతే ఛార్జింగు లేదు. 15 దాటితే రెగ్యులేటరు చెడింది, బ్యాటరీ ఉడికిపోతుంది.

బయలుదేరే ముందు

సెలవులలో కుటుంబంతో వ్యానులో, పాత కారులో దూరప్రయాణం చేసేవారు మన పాఠకులలో చాలామంది ఉన్నారు. వారు ఇంటి ముంగిటే, పావుగంటలో చూసుకోదగిన విషయాలు కొన్ని ఉన్నాయి.

ఇంజను ఆపి, చల్లారిన తరువాత, బెల్టును మెలితిప్పి లోపలివైపు చూడాలి. అడ్డంగా పగుళ్లున్నా, అంచుల దారాలు లేచినా, ప్రక్కలు అద్దంలా మెరుస్తున్నా మార్చవలసిందే. రెండు పుల్లీల మధ్య పొడవైన భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు అర అంగుళం వంగాలి. ఎక్కువ వంగితే జారుతుంది, అసలు వంగకపోతే బేరింగులు అరుగుతాయి. ఉదయం ఇంజను లేపగానే కీచుమని వినిపించే శబ్దం బెల్టు ఫిర్యాదే. కొత్త బెల్టు కొంత సాగుతుంది. వేసిన కొన్నిరోజులకు మరోసారి బిగించాలి. బెల్టు తీసినప్పుడల్లా అన్ని పుల్లీలనూ చేతితో తిప్పి చూడాలి. గరగరలాడినా, ఊగినా బేరింగు చివరిదశలో ఉంది.

తాళం తిప్పి ఇంజను లేపకముందు ఎర్ర దీపం వెలగాలి, లేపిన తరువాత ఆరిపోవాలి. మొదట అసలు వెలగకపోయినా అది మంచి సూచన కాదు. చాలా బండ్లలో ఆ బల్బు గుండా వెళ్లే కరెంటే ఆల్టర్నేటర్‌ను మేల్కొలుపుతుంది.

సముద్రతీరంలో తిరిగివచ్చాక బ్యాటరీ కొనలపై పేరుకున్న పచ్చని, తెల్లని పొడిని సోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆరిన తరువాత వాజిలిన్ పూయాలి. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్తు తీగను కూడా చూడాలి. కడిగేటప్పుడు ఆల్టర్నేటర్‌పై నీళ్లు పడకుండా జాగ్రత్త వహించాలి.

వ్యానులో ఫ్రిజ్ ఉంటే దానికి వేరే బ్యాటరీ, రెండింటి మధ్య రిలే తప్పనిసరి. అప్పుడు ఫ్రిజ్ ఎంత తాగినా స్టార్టరు వాటా మిగులుతుంది. పైకప్పుపై చిన్న సోలార్ పలక ఉంటే ఆల్టర్నేటర్ చెడినా పగటిపూట మందు చల్లగా ఉంటుంది; చెన్నై చేరాక మేము మొదట చేయించిన పని అదే. బండి కొలతకు సరిపోయే కొత్త బెల్టు ఒకటి, దానిని మార్చే పానాలు, వోల్టుమీటరు, జంప్ తీగలు, హెచ్చరిక త్రికోణం, ఒక లాగుడు తాడు సామానులో ఉండాలి. జాతీయ రహదారిపై ఆగిపోతే 1033కు, ప్రాణాపాయమైతే 108 లేదా 112కు ఫోన్ చేయాలి. ఈ అంకెలు పిల్లలకు కూడా కంఠతా వచ్చి ఉండాలి.

మూడవ రోజు తెల్లవారుజామున ఇందుకూరుపేట మీదుగా మైపాడు చేరాము. వేటకు వెళ్లిన పడవలు ఒక్కొక్కటిగా ఒడ్డుకు వస్తున్నాయి. వల దులుపుతున్నవారి పక్కన ఒకాయన పడవ ఇంజనును విప్పి, బెల్టును ఎండకెదురుగా పట్టుకుని పగుళ్లు వెతుకుతున్నాడు. పిల్లలు ఆయన చుట్టూ చేరి, పగులు ఎక్కడుందో తాము కూడా చూపించడం మొదలుపెట్టారు. అమ్మీ ఆ పూట ఇన్సులిన్ వేళకే తీసుకుని, ఇసుకలో కూర్చుని, ఖాళీ అయిన కుండను ఇస్కపల్లికి తిరిగి ఎలా పంపాలా అని ఆలోచిస్తున్నది. మైపాడు నుంచి అల్లూరు వైపు వెళుతున్న చేపల ఆటో ఒకటి దొరికింది. కుండలో నెల్లూరు మిఠాయి ఒక కిలో పెట్టి పంపించాము.